రాగి డబ్బాలో వెతకండి, అద్దాల పెట్టె జోలికి పోకండి: తిరుపతిలో ఒక పాత నాణేల అంగడి

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లో పాత నాణేలు, నోట్లు, స్టాంపులు అమ్మే చిన్న అంగడి ఇది. ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్టు మీదే ఆగాలి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది వెండి రూపాయలు అడుగుతారు, స్వామి బొమ్మ ఉన్న డాలర్లు అడుగుతారు. ఈ రివ్యూ వాటి గురించి కాదు. బ్రిటిష్ కాలపు రాగి, కంచు నాణేలను రకాలవారీగా పోగుచేసేవాళ్లకు ఇక్కడ ఏం దొరుకుతుంది, ఎక్కడ డబ్బు పోతుంది అన్నంతవరకే.

రాగి, కంచు సరుకు మూడు చోట్ల ఉంటుంది. కౌంటర్ కింద పెద్ద స్వీటు డబ్బాలో విడిగా పోసినవి కొన్ని. ప్లాస్టిక్ ఆల్బమ్‌లో పేజీలుగా పెట్టినవి కొన్ని. అద్దాల పెట్టె మూలన ‘అరుదైనవి’ అని చీటీ పెట్టినవి కొన్ని. అంగడి మొత్తానికి ఒకే రేటింగ్ ఇస్తే అన్యాయమే అవుతుంది. డబ్బాకు ఐదుకు నాలుగున్నర, ఆల్బమ్‌కు రెండు, ఆ మూలకు సున్నా.

ముందు డబ్బా. ‘అన్నా, రాగి డబ్బా ఒకసారి చూపిస్తారా’ అంటే చాలు, పాత పేపరు పరిచి మొత్తం కుమ్మరిస్తారు. గంటసేపు కూర్చుని ఏరుకున్నా విసుక్కోరు. ధరలోనూ మెలికల్లేవు. చిన్నవి ఏదైనా 30 రూపాయలు, పెద్ద పెన్నీ సైజువి ఏదైనా 100. సైజును బట్టే లెక్క. తేదీ, టంకశాల గుర్తు, బరువు చూడరు. చూడటం తెలిసినవాళ్లకు ఇంతకంటే మంచి అంగడి దొరకదు. తెలియనివాళ్లకు కూడా నష్టం లేదు, 30 రూపాయలతో పాఠం మొదలవుతుంది.

డబ్బాలో మన దేశపు నాణేలూ ఇంగ్లండు నాణేలూ కలిసిపోయి ఉంటాయి. దానికి కారణం సైజు. మన కాలణా, ఇంగ్లండు హాఫ్ పెన్నీ రెండూ ఇంచుమించు 25.5 మి.మీ. మదరాసు ఇరవై కాసుల నాణెం, ఇంగ్లండు కంచు పెన్నీ రెండూ ఇంచుమించు 31 మి.మీ. బొమ్మ అరిగి నల్లబడ్డాక వీటిని కంటితో విడదీయలేం. అందుకే 0.01 గ్రాము దాకా చూపే జేబు త్రాసు లేకుండా ఈ డబ్బా ముందు కూర్చోవడం వృథా. అంగట్లో ఉన్న త్రాసు వెండి తూచేది, ఒక గ్రాము లోపు తేడా దానికి అందదు.

25.5 మి.మీ. సైజులో మూడు బరువులు గుర్తుపెట్టుకోండి. రాగి కాలణా 6.47 గ్రాములు, అంటే పాత లెక్కలో 100 గ్రెయిన్లు. ఇంగ్లండు కంచు హాఫ్ పెన్నీ 5.67. కంచు కాలణా 4.86, అంటే 75 గ్రెయిన్లు. అరుగుడుకు పావు గ్రాము పోయినా ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవవు. మూడు కుప్పలు పోసుకోవడానికి పది నిమిషాలు చాలు.

ఈ తూకం బాగా పనికొచ్చేది ఎడ్వర్డ్ రాజు 1906 కాలణా దగ్గర. సరిగ్గా ఆ ఏడే రాగి నుంచి కంచుకు మారారు, బరువు కూడా తగ్గించారు. కాబట్టి 1906 తేదీతో రాగి కాలణా ఉంది, కంచు కాలణా ఉంది. రెండింటి మీదా అదే తల, అదే తేదీ. నల్లబడిన నాణెంలో లోహపు రంగు మీద ఆధారపడకూడదు, చెమట తగిలిన కంచు కూడా ఎర్రగానే కనిపిస్తుంది. త్రాసు మీద పెడితే ఒకటి ఆరున్నర దగ్గర, రెండోది ఐదు లోపు ఆగుతుంది. డబ్బాలో 1906 కనిపిస్తే రెండు రకాలూ దొరికేదాకా వెతకండి. ఒకే పేజీలో పక్కపక్కన పెట్టుకోదగ్గ జత అది.

అయిదో జార్జి కాలణాల్లో 1911ది వేరుగా తీసి పెట్టండి. ఆ ఏడు రాజు అంగీ మీది ఏనుగు తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా కనిపించిందని జనంలో అలజడి రేగింది. 1912 నుంచి ఏనుగును సరిచేశారు. ఆ గొడవంతా రూపాయి గురించే అనుకుంటారు చాలామంది, ఆ ఏటి కాలణా మీదా అదే బొమ్మ. అరిగిన కాలణాలో ఏనుగు ఎటూ కనిపించదు, తేదీయే ఆధారం. తరవాతి ఏళ్లవాటిలో తేదీ కింద చిన్న చుక్క ఉందేమో చూడాలి. చుక్క ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా. ఈ చుక్క దగ్గరే ఎక్కువమంది పొరపడతారు, మట్టి గింజ గట్టిపడినా చుక్కలాగే ఉంటుంది. వెదురు పుల్లతో మెల్లగా తోస్తే మట్టి కదులుతుంది, అచ్చులో పడిన చుక్క కదలదు. సూది వాడొద్దు. రాగి మెత్తని లోహం, సూది గీత ఎప్పటికీ పోదు.

1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లు కానీలు డబ్బాలో దండిగా ఉన్నాయి. 2 గ్రాములు, 21 మి.మీ. వీటిలో చూడాల్సింది కిరీటం. పైభాగం గుండ్రంగా ఉన్నవీ చదునుగా ఉన్నవీ వేరు రకాలు. పక్కపక్కన నాలుగు పెట్టుకుంటే తేడా తెలుస్తుంది, ఒక్కటి చేతిలో పట్టుకుంటే తెలీదు.

మన జిల్లా వాళ్లకు అన్నిటికంటే దగ్గరి నాణెం ఈస్టిండియా కంపెనీ వాళ్ల ఇరవై కాసులు, పది కాసులు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మదరాసు ప్రెసిడెన్సీలో ఉత్తర ఆర్కాటు కిందే ఉండేది, ఇక్కడి చేతులు మారిన డబ్బు ఇది. 1803లోనూ 1808లోనూ బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో, దాని యజమాని బోల్టన్ ఆవిరి యంత్రాల మీద కొట్టించి ఓడల్లో పంపారు. ఒక వైపు సింహాలతో కంపెనీ చిహ్నం, రెండో వైపు పారసీ అక్షరాల కింద రోమన్ అంకెల్లో విలువ. ఇరవై కాసులది సుమారు 9.3 గ్రాములు, పది కాసులది అందులో సగం. ఇంగ్లండు కంచు పెన్నీ 9.4. చూశారుగా, ఇక్కడ త్రాసు సాయం చేయదు. పెన్నీలో బ్రిటానియా, అంటే బ్రిటన్ దేశానికి గుర్తుగా డాలు, త్రిశూలం పట్టిన స్త్రీ, కూర్చుని ఉంటుంది. ఎంత అరిగినా ఆమె డాలు గుండ్రటి అంచు వేలికి తగులుతుంది. కాసుల నాణెం మధ్యలో ఏ మనిషి బొమ్మా ఉండదు. అంగడివాళ్లు రెండింటినీ ‘పెద్ద రాగి’ అనే అంటారు, 100 రూపాయలకే ఇస్తారు. ఈ డబ్బాకు నాలుగున్నర ఇవ్వడానికి ముఖ్య కారణం ఇదే.

1808 పది కాసులలో కొన్ని గుంటలు గుంటలుగా, ఉప్పు తిన్నట్టు ఉంటాయి. నాణెం పాడైందని పక్కన పడేయకండి. అడ్మిరల్ గార్డ్‌నర్ అనే కంపెనీ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోని గుడ్విన్ ఇసుకదిబ్బల మీద మునిగింది. మన దేశానికి వస్తున్న టన్నులకొద్దీ రాగి నాణేలు దాంతోపాటే పోయాయి. 1980లలో వాటిని పైకి తీశారు, లోకమంతా తిరుగుతున్నది ఎక్కువగా ఆ సరుకే. ఒకటి గమనించండి: సముద్రపు గుంటలు నాణెమంతా సమంగా ఉంటాయి, అక్షరాల అంచులు మాత్రం పదునుగా ఉంటాయి, ఎందుకంటే అవి ఏ చేతిలోనూ అరగలేదు. ఇక్కడ వాడుకలో తిరిగినదైతే గుంటలు ఉండవు, అక్షరాలే మొద్దుబారి ఉంటాయి. రెండో రకమే మన ఊళ్లలో నడిచింది. మాకు దాని మీదే మక్కువ.

ఇక ఇంగ్లండు పెన్నీలు. 1860లో రాగి వదిలి కంచుకు వచ్చారు: రాగి 95 పాళ్లు, తగరం 4, జింకు 1. రాగి పెన్నీ 18.8 గ్రాములు ఉండేది, కంచుది సగానికి దిగింది. కంచు పెన్నీలను తేదీ చదవకుండానే మూడు గుంపులు చేయొచ్చు. బ్రిటానియాకు ఎడమవైపు దీపస్తంభం, కుడివైపు ఓడ ఉంటే 1860 నుంచి 1894. రెండూ లేకపోతే 1895 నుంచి 1936. దీపస్తంభం ఒక్కటే ఉంటే 1937 లేదా ఆ తరవాతిది. డబ్బాలో ఎక్కువ ఉన్నది రెండో గుంపు.

మొదటి గుంపులో 1860ని చేతిలోకి తీసుకుంటే అంచు చూడండి. గట్టు లోపలివైపు చుట్టూ గుండ్రటి పూసల్లా ఉంటే ఒక రకం, పొడుగు పళ్లలా ఉంటే ఇంకో రకం. ఆ ఒక్క ఏడాదిలోనే రెండూ ఉన్నాయి, పూసలది తక్కువ. తరవాత తేదీ కింద హెచ్ అక్షరం. బర్మింగ్‌హామ్‌లో హీటన్ టంకశాల కొట్టినవాటికి ఆ గుర్తు ఉంటుంది. పెన్నీల్లో 1874, 1875, 1876, 1881, 1882. వీటిలో 1875 హెచ్ దొరకడం కష్టం. 1882లో లెక్క తిరగబడుతుంది, హెచ్ ఉన్నదే మామూలు, లేనిదే అత్యంత అరుదు. కాబట్టి ‘1882, హెచ్ లేదు’ అని ఎవరైనా ధర పెంచితే, అక్షరం అరిగిపోయిందా, గీకేశారా అని చూడాలి. నాణెం మిగతా భాగమంతా స్పష్టంగా ఉండి తేదీ కింద మాత్రం నున్నగా పళ్లెంలా ఉంటే గీకినట్టే.

రెండో గుంపులో హెచ్ అక్షరం తేదీ కిందికాక ఎడమ పక్కన ఉంటుంది. 1912, 1918, 1919 తేదీల్లో చూడండి. 1918, 1919లలో అదే చోట కేఎన్ అక్షరాలు ఉంటే కింగ్స్ నార్టన్ కంపెనీవి, హెచ్ కంటే ఇవి తక్కువ. ఈ అక్షరాలు చాలా చిన్నవి, గట్టుకు దగ్గరగా ఉండి ముందు అవే అరుగుతాయి. అంగట్లో ట్యూబ్‌లైటు నెత్తిమీద ఉంటుంది, ఆ వెలుతురులో ఎంత చూసినా కనపడవు. పదింతలు పెంచి చూపే భూతద్దం కంటికి ఆనించి, నాణేన్ని దాని దగ్గరకు తెచ్చి, ఫోన్ టార్చి పక్కనుంచి, నాణెం మీదికి దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకోండి. నాణేన్ని మెల్లగా తిప్పుతూ ఉంటే ఒకచోట నీడ నిలువుగా రెండు గీతలుగా లేస్తుంది, అదే హెచ్. నీడ ఒక కోణంలోనే కనిపించి మళ్లీ రాకపోతే అది గీత.

1895 పెన్నీలో త్రిశూలం కొసకూ పెన్నీ అన్న మాటలో మొదటి అక్షరానికీ మధ్య ఖాళీ కొలవాలి. 1 మి.మీ. ఉంటే మామూలు. 2 మి.మీ. ఉండి, బ్రిటానియా వెనక సముద్రం లేకపోతే అది అరుదైన రకం. 1902లో సముద్రపు గీత ఎంత ఎత్తున ఉందో చూడాలి. మామూలుగా కాలు మీద కాలు దాటే చోటికి వస్తుంది, అంతకంటే కిందికి ఉంటే తక్కువగా దొరికేది. 1933 పెన్నీ గురించి ఒక్క మాట: లోకం మొత్తంలో ఏడో ఎనిమిదో ఉన్న నాణెం అది. డబ్బాలో అలాంటి తేదీ కనిపిస్తే చివరి అంకెను దిద్దారనే అనుకోండి.

లోహం మీద అనుమానం వస్తే ఇంట్లో నీళ్ల తూకం వేయొచ్చు. త్రాసు మీద గ్లాసు నీళ్లు పెట్టి సున్నా చేసి, సన్నని దారంతో నాణేన్ని నీళ్లలో మునిగేలా, అడుగు తగలకుండా వేలాడదీయాలి. త్రాసు చూపిన అంకెతో నాణెం బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. 9.40 గ్రాముల పెన్నీకి 1.06 వస్తే 8.87, అది సరైనదే. కానీ 0.01 తేడా వస్తే చాలు, 8.79 లేదా 8.95 అయిపోతుంది. అంటే ఈ పద్ధతి రాగినీ కంచునూ విడదీయలేదు. జింకు, ఇనుము మీద పూత పూసిన నకిలీలను మాత్రం పట్టిస్తుంది, వాటి అంకె 8 లోపే ఉంటుంది. నాణేనికి అంటుకున్న గాలిబుడగ లెక్కను చెడగొడుతుంది, వేలితో రుద్ది దించండి.

ఇప్పుడు ఆల్బమ్. సరుకు మంచిదే, 1835 కంపెనీ కాలణాలు, అంచు గట్టు మీద అక్షరాలు లోపలికి దిగి ఉన్న 1797 బండిచక్రం పెన్నీ కూడా ఉన్నాయి. ఆ పెన్నీ 28.35 గ్రాములు, 36 మి.మీ. అని సరిచూసుకునే తీసుకోవాలి. బాధ కలిగించేది వాటిని పెట్టిన తీరు. జేబులు మెత్తటి పీవీసీ ప్లాస్టిక్‌తో చేసినవి. పేజీ తిప్పగానే కొత్త రెయిన్‌కోటు వాసన వస్తుంది. ఆ ప్లాస్టిక్ ఎండకు, ఉక్కకు విరిగి ఆమ్లం వదులుతుంది, రాగి మీద పచ్చటి జిగురు పేరుకుంటుంది. చివరి పేజీల్లో అది ఇప్పటికే కనిపిస్తోంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే వానల్లో ఇంకా పెరుగుతుంది. 200 ఏళ్లు నిలిచిన నాణెం పది రూపాయల జేబులో పాడైపోవడం చూడలేం. అంగడివాళ్లు దయచేసి గట్టి పీఈటీ ప్లాస్టిక్ జేబులకో కాగితపు కవర్లకో మార్చాలి.

ఆల్బమ్‌లోంచి కొంటే ఇంటికి రాగానే జేబులోంచి తీసేయండి. జిగురు ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో, గాజు గిన్నెలో, మూత పెట్టి పది నిమిషాలు ఉంచి, కొత్త అసిటోన్‌తో ఇంకోసారి చేయండి. గోళ్ల రంగు తుడిచే ద్రావకంలో నూనె, సువాసన కలుస్తాయి, అది పనికిరాదు. పొయ్యి దగ్గర వద్దు. రుద్దకుండా నూలుగుడ్డ మీద ఆరనివ్వండి. జిగురు కాకుండా లేత పచ్చ పొడి ఉండి, పుల్లతో తీసినా కొన్ని రోజులకు మళ్లీ వస్తుంటే అది వేరే జబ్బు: రాగిలో చేరిన క్లోరైడు తేమ తగిలినప్పుడల్లా లోపలికి తింటూ పోతుంది. దానికి అసిటోన్ మందు కాదు. అలాంటి నాణెం కొనకండి.

అద్దాల పెట్టె మూలకు సున్నా ఎందుకిచ్చామంటే, అక్కడ ఉన్నవాటిలో సగం అసలు నాణేలే కావు. రాములవారి పట్టాభిషేకం, హనుమంతుడు, 1818 తేదీ, ఈస్టిండియా కంపెనీ పేరు, యూకేఎల్ అనే అక్షరాలు ఉన్న అణాలు, అర్ధణాలు అవి. కంపెనీ అలాంటి అణా ఎప్పుడూ వేయలేదు, దాని నిజమైన నాణేల మీద యూకేఎల్ అన్న అక్షరాలే లేవు. తీర్థయాత్రల ఊళ్లలో అమ్మడానికి తరవాత పోతపోసిన బిళ్లలు. అంచున పోత అతుకు గీత కనిపిస్తుంది, ఒక్కోటి ఒక్కో బరువు తూగుతుంది. మన స్వామి బొమ్మతో కంపెనీ నిజంగా వేసిన నాణెం ఒకటుంది. అది మదరాసులో కొట్టిన మూడు స్వాముల పగోడా, వేంకటేశ్వరస్వామి ఇద్దరు దేవేరులతో ఉంటాడు. అది బంగారం, రాగి కాదు. పూజగదిలో పెట్టుకోవడానికి ఆ రాగి బిళ్ల కొంటే తప్పేం లేదు, కానీ ‘అరుదైనది’ అని వేలు అడిగితే ఇవ్వొద్దు. బియ్యాన్ని లాగుతుంది, కోట్లు పలుకుతుంది అని ఇలాంటి బిళ్లలు చూపించి రైస్ పుల్లింగ్ పేరుతో మోసగించిన కేసులు మన రాష్ట్రంలో ఎన్నో. ఈ అంగట్లో ఆ మాట ఎవరూ చెప్పలేదు. అయినా చీటీ తీసేయడం న్యాయం.

మూలలో మిగతా సగం నిజమైన నాణేలే, కానీ తళతళ మెరుస్తున్నాయి. చింతపండుతో తోమినవి. పులుపు నల్లటి పొరను కరిగించి పచ్చి రాగిని బయటపెడుతుంది. బిందెకు బాగుంటుంది, నాణేనికి చావు. గుర్తుపట్టడం తేలిక: తోమిన నాణెం గులాబీ రంగులో ఒకే తీరుగా మెరుస్తుంది, అక్షరాల మూలల్లో మాత్రం నలుపు మిగిలి ఉంటుంది. వాడకుండా నిలిచిన నాణెం మెరుపు తిప్పినప్పుడు చక్రంలా తిరుగుతుంది, తోమినదానిలో ఆ తిరుగుడు ఉండదు. వీటికి డబ్బా ధర కంటే ఎక్కువ ఇవ్వడం దండగ.

సర్వీసు విషయానికొస్తే, ఫోన్‌పే తీసుకుంటారు, అడిగితే బిల్లు రాస్తారు. బిల్లులో ‘పాత నాణెం 1’ అని రాసి ఊరుకుంటారు, ఆల్బమ్ సరుకైతే తేదీ, బరువు కూడా రాయించుకోండి. ఆల్బమ్‌వి వారంలోపు వెనక్కి తీసుకుంటారు, డబ్బావి తీసుకోరు. పది దాటి కొంటే ఒకటో రెండో ఉచితంగా కలుపుతారు. శనివారాలు, బ్రహ్మోత్సవాల రోజులు వదిలేసి మామూలు రోజు మధ్యాహ్నం వెళ్తే చోటు ఉంటుంది. ఇంకో సంగతి, వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, విదేశాల్లో కొనేవాళ్లకు పోస్టులో పంపడం నేరం. బయటి దేశపు వేలాలకు పంపుదామని కొనేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

డబ్బా చూడటం అయిపోయాక పేపరు ఎత్తి తిరిగి పోసేముందు మడతల్లో చూడండి. 2.16 గ్రాముల రాగి పైలు (అణాలో పన్నెండో వంతు నాణేలు), 1.62 గ్రాముల కంచు పైలు, 20 మి.మీ. ఫార్దింగులు (పెన్నీలో నాలుగో వంతు) ఎప్పుడూ అడుక్కి జారిపోతాయి. పైన పెద్దవాటిని ఏరుకుని లేచిపోయేవాళ్లు వాటిని తాకను కూడా తాకరు, అందుకే ఆ అడుగు సరుకే డబ్బాలో అన్నిటికంటే తక్కువ వేలిముద్రలతో ఉంది.